శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రసాయన ఎరువులు, పురుగుమందులు లేని ప్రకృతి సేద్యంలోకి రైతులు ఎందుకు వస్తున్నారు? సబ్సిడీ కోసమేనా?

సబ్సిడీ ఒక్కటే అయితే ఇంతమంది రారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి సేద్య మిషన్ కింద వచ్చేది ఎకరాకు ఏడాదికి 4,000 రూపాయలు, అదీ రెండేళ్లే.

నా ఉద్దేశంలో అసలు బలం నేర్పే పద్ధతిలో ఉంది. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ఈ పని నడుపుతోంది. ఇందులో పాఠం చెప్పేది సాటి రైతే, ఊళ్లో కదిలించేది డ్వాక్రా సంఘాల ఆడవాళ్లు. పక్క చేను కళ్లారా చూశాకే మనవాళ్లు నమ్ముతారు, అది సబబే.

తర్వాత ఖర్చు. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి కలిపితే ఎకరాకు సరిపడా ద్రవ జీవామృతం, అంటే కొనే ఎరువు బదులు నేలకి వేసేది. అప్పు చేసి ఎరువు కొనే చిన్న రైతుకి ఇది ఎంత ఊరటో వేరే చెప్పాలా! చోడి (రాగి) వేసే మెట్ట పొలాల్లో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లితే నేల ఎండకి మాడదు, పశువులకి మేత కూడా దొరుకుతుంది.

చిక్కులు లేకపోలేదు. ట్రాక్టర్లొచ్చి పశువులు తగ్గాయి, పేడకే కరువు. కౌలుదారుకి వచ్చే ఏడు ఆ పొలం ఉంటుందో లేదో తెలియదు, నేల బాగుకి ఎందుకు పెడతాడు? విడిగా కొనే బేరగాడు లేకపోతే పంట మామూలు ధరకే పోతుంది. నమోదైన ప్రతివాడూ మొత్తం పొలం మార్చేశాడనీ అనుకోవద్దు.

మీరు చేరాలనుకుంటే రైతు సేవా కేంద్రంలో అడగండి. మొదట అర ఎకరంలో చేసి చూడండి.