పాత కారులో బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడితే, తప్పు బూస్టర్‌దేనా?

మీ కారు డెబ్భైల నాటిది, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. పెడల్ గట్టిపడింది, తొక్కినప్పుడు ఇంజన్ ఊగుతోంది, మెకానిక్ బూస్టర్ (ఇంజన్ పీల్చే వాక్యూమ్‌తో మీ కాలి బలాన్ని పెంచే డబ్బా) మార్చాలన్నారు, అది నిజమేనా అని అడిగారు. ఇంజన్ ఊగుతోందంటే అనుమానం సరైన వైపే ఉంది. అయినా బూస్టర్‌ని ఇప్పుడే విప్పొద్దు. గట్టి పెడల్‌కి కారణం చాలాసార్లు బూస్టర్‌కి చేరాల్సిన వాక్యూమ్ చేరకపోవడమే.

మొదట, బండి కదలకుండా చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజన్ ఆపి పెడల్‌ని ఐదారుసార్లు గట్టిగా తొక్కితే లోపల నిలవున్న వాక్యూమ్ అయిపోతుంది. తర్వాత పెడల్ మీద మామూలు ఒత్తిడితో కాలు ఉంచి స్టార్ట్ చెయ్యండి. పెడల్ కొద్దిగా కిందికి జారాలి. జారితే బూస్టర్ సాయం చేస్తున్నట్టే. కదలకపోతే వాక్యూమ్ రావడం లేదు, లేదా వచ్చింది వచ్చినట్టే పోతోంది.

ఇప్పుడు రెండు నిమిషాలు ఇంజన్ నడిపి ఆపండి. ఒక నిమిషం ఆగి తొక్కండి. మొదటి రెండు మూడు తొక్కుళ్లు మెత్తగా ఉండి, ఒక్కోసారికీ పెడల్ కాస్త పైనే ఆగుతూ రావాలి. మొదటి తొక్కే గట్టిగా ఉంటే వాక్యూమ్ నిలవడం లేదు. అప్పుడు చూడాల్సింది బూస్టర్ పైపులో గాలిని ఒకవైపే పోనిచ్చే వన్‌వే వాల్వ్, అది కూర్చునే రబ్బరు బుష్, తర్వాతే బూస్టర్.

మూడో పరీక్ష మీకు ముఖ్యం. ఇంజన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ ఆపండి, ముప్పై సెకన్లు కాలు కదపకండి. పెడల్ ఉన్నచోటే ఉండాలి. అది కాలిని పైకి నెడితే బూస్టర్ వైపు గాలి లీకవుతోంది. కిందికి మెల్లగా దిగిపోతే బూస్టర్‌ని వదిలేసి మాస్టర్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్‌కి అందించే భాగం) లోపలి సీళ్లు చూడండి. స్పాంజిలా మెత్తగా ఉండే పెడల్‌కి కూడా బూస్టర్‌తో సంబంధం లేదు, చాలాసార్లు అది బ్రేక్ ఆయిల్ లైన్లలో గాలి.

చప్పుడు కూడా చాలా చెబుతుంది. తొక్కిన క్షణంలో చిన్నగా 'సుస్' మనడం సహజం, గాలి బూస్టర్ వెనక గదిలోకి వెళ్తున్న చప్పుడది. పెడల్ ముట్టకపోయినా ఆ శబ్దం ఆగకపోతే లోపలి గాలి వాల్వ్ మూసుకోవడం లేదు. తొక్కి పట్టుకున్నంతసేపూ సుస్ మంటూ ఇంజన్ ఊగితే డయాఫ్రమ్ (బూస్టర్‌ని ముందు, వెనక గదులుగా విడదీసే రబ్బరు పొర) చిరిగి ఉండొచ్చు. వెనక గదిలోకి వచ్చిన గాలి ఆ చిరుగు దాటి ముందు గదిలోకి, అక్కణ్ణుంచి ఇంజన్‌కి గాలి అందించే మ్యానిఫోల్డ్‌లోకి పోతుంది. మిశ్రమంలో గాలి ఎక్కువై ఇంజన్ తడబడుతుంది. మీరు చెప్పిన లక్షణం దీనికి దగ్గరగా ఉంది.

అయినా వాక్యూమ్ కొలవకుండా తీర్పు చెప్పొద్దు. బూస్టర్ పైపులో T ఆకారపు జాయింటు పెట్టి వాక్యూమ్ గేజ్ బిగించండి. ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సముద్రమట్టం దగ్గర ఐడిల్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) వాక్యూమ్ చూపిస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. 15 కంటే బాగా కింద ఉంటే కొత్త బూస్టర్ పెట్టినా పెడల్ గట్టిగానే ఉంటుంది. టైమింగ్, వాల్వులు, మ్యానిఫోల్డ్ గాస్కెట్ చూడాలి. రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ వేసిన ఇంజన్లలో వాక్యూమ్ ఎలాగూ తక్కువే.

పైపు పైకి బాగున్నా నమ్మకండి. ఊడదీసి రెండు చివర్ల నుంచీ టార్చి వేసి చూడండి. పాత పైపుల్లో లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది, ఇంజన్ పీల్చగానే దారి మూసేస్తుంది. నీళ్ల హీటర్ పైపు ముక్క పెట్టి ఉంటే వెంటనే తీసేయండి, వాక్యూమ్‌కి అది నలిగిపోతుంది. వన్‌వే వాల్వ్‌ని బూస్టర్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, ఇంజన్ వైపు నుంచి ఊదితే అస్సలు పోకూడదు. బూస్టర్‌ని నేరుగా తేల్చాలంటే చేతి వాక్యూమ్ పంపుతో 18 అంగుళాలు లాగి వదిలేయండి. పెడల్ వదిలి ఒకసారి, తొక్కి పట్టుకుని ఒకసారి చూడాలి. ముల్లు చూస్తుండగానే పడిపోతే బూస్టర్ పోయినట్టే.

మార్చేముందు ఒక్క పని మాత్రం మానొద్దు. మాస్టర్ సిలిండర్‌ని పట్టి ఉంచే నట్లు విప్పి, లైన్లు ఊడదీయకుండా, పైపులు వంగిపోకుండా దాన్ని కొద్దిగా ముందుకు లాగండి. వెనక తడిగా ఉన్నా, దాని కింద బూస్టర్ డబ్బా మీద రంగు బొబ్బలెక్కి లేచినా వెనక సీల్ కారుతోంది. బ్రేక్ ఆయిల్ డయాఫ్రమ్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. ఆ సీల్ బాగుచెయ్యకుండా బిగించిన కొత్త బూస్టర్ కూడా అదే దారి పడుతుంది. బయట ఎక్కడా తడి లేకుండా ఆయిల్ తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తుంటే ఆయిల్‌ని ఇంజనే పీల్చుకుంటోంది. పెడల్‌కి దూరంగా, లైన్ మధ్యలో విడిగా సర్వో (బూస్టర్ లాంటిదే) ఉండే పాత బ్రిటిష్ కార్లలోనూ ఇది బాగా కనిపిస్తుంది.

వాక్యూమ్ పరీక్షలన్నీ నెగ్గినా పెడల్ గట్టిగానే ఉంటే చక్రాల దగ్గరికి వెళ్లండి: అద్దంలా నునుపెక్కిన ప్యాడ్లు, బిగిసిపోయిన క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పిస్టన్, లోపల ఉబ్బి మూసుకుపోయిన రబ్బరు బ్రేక్ పైపు.

బూస్టర్ మార్చారనుకోండి, పుష్‌రాడ్ (బూస్టర్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని నెట్టే కడ్డీ) పొడవు తప్పక సరిచూడండి. పుష్‌రాడ్‌కీ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌కీ మధ్య తయారీదారు చెప్పిన సన్నని ఖాళీ ఉండాలి. రాడ్ కొన మీద మైనపు ముద్ద పెట్టి, సిలిండర్ బిగించి విప్పి, నలిగిన మందం కొలవొచ్చు. పొడవెక్కువైతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆయిల్ తిరిగొచ్చే రంధ్రం మూసుకునే ఉంటుంది, కొద్ది దూరం నడిచేసరికి బ్రేకులు వేడెక్కి పట్టేస్తాయి. అలా పట్టేస్తే బండి కదలకుండా అడ్డు పెట్టి, మాస్టర్ సిలిండర్ నట్లు రెండు చుట్లు వదులు చేసి చక్రం తిప్పి చూడండి. అప్పుడు వదిలితే తప్పు రాడ్ పొడవుది.