టెక్ సందేహాలు: తెల్ల పంచె గులాబీ రంగులో ఎందుకొస్తోంది?

స్నానాల గదినే డార్క్‌రూమ్ చేసి పాత కలర్ నెగెటివ్‌లు ప్రింట్ చేసుకుంటున్నాను. ఆర్‌ఏ-4 (కలర్ పేపరు కడిగే పద్ధతి) డెవలపర్, బ్లిక్స్ (పేపరులోని వెండిని తీసేసే ద్రావణం), మినీల్యాబ్ (కలర్ ల్యాబ్‌లో ఫొటోలు ప్రింట్ చేసే యంత్రం) రోల్ నుంచి కోసిన పేపరు వాడుతున్నా. పంచె తెలుపే కాదు, ప్రింటు చుట్టూ ఉన్న తెల్ల అంచు కూడా లేత గులాబీగా వస్తోంది. మా ట్యాంకు నీళ్లే 34 డిగ్రీలుంటున్నాయి. ఎండ వేడి వల్లేనా?
– ఓ పాఠకుడు, అమలాపురం

వేడిని ఆడిపోసుకోకండి. బ్లాక్ అండ్ వైట్‌కు 20 డిగ్రీలు కావాలి కాబట్టి మే నెలలో ఐసుతో తిప్పలు తప్పవు. ఆర్‌ఏ-4కు అసలు ఉష్ణోగ్రతే 35 డిగ్రీలు, డెవలపర్‌లో 45 సెకన్లు. ట్యాంకు నీళ్లు నింపిన బకెట్లో సీసాలు అరగంట నిలబెడితే హీటరు ఖర్చు మిగిలినట్టే. చలికాలంలో 24 డిగ్రీలకు దిగితే 2 నిమిషాలు ఉంచండి.

మీ ప్రశ్నలో అసలు సంగతి ఆ అంచే. ఎన్‌లార్జర్ (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి పేపరు మీద వేసే యంత్రం) వెలుతురు పడని చోట రంగు వచ్చిందంటే దాని రంగు ఫిల్టర్ల తప్పు కాదు. డెవలపర్ నుంచి నేరుగా బ్లిక్స్‌లో వేస్తున్నట్టున్నారు. పేపరు పీల్చుకున్న డెవలపర్‌ను బ్లిక్స్ ఆక్సీకరిస్తుంది. అది పేపరులోని కప్లర్లతో (రంగు పుట్టించే రసాయనాలతో) కలిసి, వెలుతురుతో పని లేకుండానే రంగు పుట్టిస్తుంది. మధ్యలో స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే పుల్లటి ద్రావణం) పెట్టండి: లీటరు నీళ్లకు 15 గ్రాముల నిమ్మ ఉప్పు చాలు. పేపరును ఒక మూల పట్టుకుని 10 సెకన్లు ఓడ్చి, స్టాప్‌లో 30 సెకన్లు, నీళ్లలో ఓసారి జాడించి, ఆపైన బ్లిక్స్‌లో నిమిషం. ఏ ట్రే పటకారు ఆ ట్రేకే. బ్లిక్స్ చుక్క డెవలపర్‌లో పడితే దాన్ని పారబోయడమే.

స్టాప్ పెట్టినా మారకపోతే కొత్త డెవలపర్‌లో వెలుతురు చూపని పేపరు ముక్కను కడిగి చూడండి. అప్పుడూ గులాబీగా వస్తే గదిలో ఇన్వర్టర్‌దో, గీజర్‌దో ఆకుపచ్చ లైటు వెతకండి. ఎర్ర లైటైతే మరక సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగులో వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్యాకెట్‌ను మూడు నాలుగు గంటలు విప్పకండి. మన గాలిలోని తేమకు పేపరు చెమర్చేస్తుంది.

డెవలపర్ కలపడానికి ఆర్‌ఓ నీళ్లు వాడండి. సముద్రం దగ్గరి ఉప్పు బోరు నీళ్లలోని క్లోరైడ్ దాని జోరు తగ్గిస్తుంది. వాడేసిన బ్లిక్స్‌లో వెండి ఉంటుంది. కాలువలోకో చేపల చెరువులోకో వదలకుండా క్యానులో పట్టి, వెండి తీయించే కలర్ ల్యాబ్‌కు ఇవ్వండి.

ఒకే నెగెటివ్, అవే ఫిల్టర్లు. పగలు బాగున్న ప్రింటు రాత్రికి లేతగా, సయాన్ వైపు వస్తోంది. చీకట్లో టైము ఫోన్‌లో చూసుకుంటున్నా.
– ఓ పాఠకురాలు, భీమవరం

ముందు ఫోన్‌ను గది బయట పెట్టండి. నోటిఫికేషన్ ఒక్కటి వెలిగినా షీటు పోతుంది. సెకన్లు చదివిన ఆడియో రికార్డు చేసుకుని తలుపు అవతల నుంచి వినండి. రంగు మారడానికి మాత్రం అనుమానం వోల్టేజీ మీదే. చెరువుల మీద ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిరిగే వేళ ప్లగ్గు దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. వోల్టేజీ పడితే ఎన్‌లార్జర్‌లోని హాలోజన్ బల్బు మసకబారి ఎర్రబడుతుంది. ఎర్ర వెలుతురు పెరిగితే నెగెటివ్ నుంచి తీసే ప్రింటులో సయాన్ పెరుగుతుంది. వోల్టేజీ నిలకడకు స్టెబిలైజర్ పెట్టండి. రిలే రకంలో వోల్టేజీ మెట్లు మెట్లుగా దూకుతుంది, మెల్లగా సర్దే సర్వో రకం తీసుకోండి. ఫిల్టర్ల జోలికి ఆ తర్వాతే వెళ్లండి: సయాన్ ఎక్కువైతే పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) ఫిల్టర్లు రెండూ సమానంగా తగ్గించాలి. తడి ప్రింటు ఎప్పుడూ నీలంగానే కనిపిస్తుంది, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టాకే తేల్చుకోండి.

పిన్‌హోల్ డబ్బాలో (లెన్సు బదులు సూది రంధ్రం ఉన్న కెమెరాలో) కలర్ పేపరు పెట్టి, నెగెటివ్ లేకుండా నేరుగా పాజిటివ్ (అసలు రంగుల బొమ్మ) తీయొచ్చా?
– ఓ విద్యార్థి, నరసాపురం

తీయొచ్చు. ముందు బ్లాక్ అండ్ వైట్ పేపర్ డెవలపర్‌లో 2–3 నిమిషాలు, స్టాప్, 2 నిమిషాల కడుగు. ఇక లైటు వేసి పేపరుకు నిమిషం చూపించండి. తర్వాత కలర్ డెవలపర్, స్టాప్, బ్లిక్స్. మొదటి డెవలపర్ రంగు లేని వెండినే ఇస్తుంది, మిగిలిన దానికి రెండోది రంగు కడుతుంది. కలర్ పేపరు, కలర్ నెగెటివ్ అంతటా ఉండే నారింజ ఛాయకు తగ్గట్టు తయారైంది కాబట్టి, ఎండలో నారింజ ఫిల్టర్ లేకుండా తీస్తే బొమ్మంతా నీలం. కాంట్రాస్ట్ కూడా ఎక్కువ. మిట్టమధ్యాహ్నం గోదారి గట్టు మీద కాకుండా మబ్బు పట్టిన పూట మొదలుపెట్టండి.