పేర్ల పట్టిక పక్కన పెట్టండి

ప్రశ్న: లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ పిల్లలకు ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) చెబుతున్నాను. సగం మంది చరిత్ర, సాహిత్యం విద్యార్థులు. ఇంటర్‌ల్యూకిన్ అనగానే ముఖాలు వాడిపోతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మొదటి ఏడాది నేనూ సైటోకైన్ల పట్టికతోనే మొదలుపెట్టాను (కణాలు ఒకదానికొకటి సంకేతాలుగా పంపుకునే ప్రొటీన్లు ఇవి, ఇంటర్‌ల్యూకిన్లూ వీటిలోవే). మూడో వారానికి వెనక బెంచీలు ఖాళీ! ఇప్పుడు 1882తో మొదలుపెడతాను. నక్షత్రచేప లార్వాలో జీవశాస్త్రవేత్త మెచ్నికాఫ్ ముల్లు గుచ్చాడు, తెల్లారేసరికి దాని చుట్టూ కణాలు మూగాయి. ఎందుకు మూగాయో పిల్లల్నే చెప్పమంటాను.

ఆ తర్వాత అసలు చిక్కుముడి. మనిషిలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20,000. మరి కోట్ల రకాల యాంటీబాడీలు (అవీ ప్రొటీన్లే) ఎలా వస్తాయి? జవాబు వెంటనే చెప్పకండి, ఒక క్లాసంతా తంటాలు పడనివ్వండి. తర్వాత యాంటీబాడీ జన్యువులోని మూడు రకాల ముక్కలకు గుర్తుగా మూడు రంగుల కార్డులు ఇవ్వండి: వి 40, డి 23, జె 6. ఒక్కో రంగు నుంచి ఒక్కటి తీస్తే, యాంటీబాడీలోని రెండు రకాల ప్రొటీన్ గొలుసుల్లో ఒకటైన బరువు గొలుసుకే 5,520 కలయికలు. తేలిక గొలుసు, ముక్కల అతుకుల దగ్గర జరిగే మార్పులు కలిస్తే లెక్క ఎక్కడికో పోతుంది. ఈ ముక్కల కలయికను కనిపెట్టిన టొనెగావాకు 1987లో నోబెల్ ఎందుకిచ్చారో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

సాహిత్యం పిల్లల గురించి టెన్షన్ వద్దు. "శత్రువులు, సైనికులు అంటున్నారు సరే, పేగుల్లో బ్యాక్టీరియాని మన రోగనిరోధక వ్యవస్థ ఎందుకు బతకనిస్తోంది?" అని నన్ను నిలదీసింది వాళ్లలో ఒకమ్మాయే. ఆ రోజు పాఠం పక్కకు పోయింది, టాలరెన్స్ (దాడి చేయకుండా ఓర్చుకోవడం) మీదే గంటసేపు మాట్లాడుకున్నాం.

సైటోకైన్లా? నాలుగైదు చాలు, అవీ ఏదో ఒక జబ్బు కథలో భాగంగా.