ఈసీటీ గురించి, మా తమ్ముడి జబ్బులో చూసినది

సైకోసిస్‌లో, అంటే లేనివి ఉన్నట్టు తోచే, నమ్మే స్థితిలో, మెదడు రసాయనాలు ఎలా మారతాయి, ఈసీటీ అనే కరెంటు షాక్ చికిత్స వాటిని సరిచేస్తుందా అని అడిగారు. నేను డాక్టరును కాను, సైకోసిస్ తెచ్చే స్కిజోఫ్రీనియా జబ్బు ఉన్న తమ్ముడిని పదకొండేళ్లుగా చూసుకుంటున్న అక్కను.

జబ్బు బయటపడిన రోజుల్లో, టీవీలో వార్తలు చదివే ఆమె తనకే సైగలు చేస్తోందని వాడు గట్టిగా నమ్మేవాడు. మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగంలో డోపమైన్ అనే రసాయనం మితిమీరితే, పట్టించుకోనక్కర్లేని విషయం కూడా తనకోసమే జరుగుతున్నట్టు తోస్తుందని డాక్టరు గారు వివరించాక ఆ సైగల సంగతి నాకు అర్థమైంది. ఈ జబ్బుకు వాడే మందుల్లో చాలావరకు డోపమైన్ వచ్చి అతుక్కునే డీ2 గ్రాహకాలను అడ్డుకునేవే. డోపమైన్ ఒక్కటే కాదు, గ్లుటమేట్ అనే మరో మెదడు రసాయనానికీ ఇందులో పాత్ర ఉంది.

2019లో వాడు కాటటోనియా అనే, మనిషి కదలక మెదలక ఉండిపోయే స్థితిలోకి వెళ్లాడు. మాట లేదు, తిండి లేదు, చెయ్యి పైకెత్తి వదిలితే అలాగే ఉండిపోయేది. బంధువులు గాలి సోకిందన్నారు. లోరజిపామ్ అనే మందు ఇంజెక్షన్లతో వచ్చిన కదలిక నిలవకపోవడంతో డాక్టర్లు ఈసీటీ చేద్దామన్నారు. అమ్మను ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది. మత్తు, కండరాలను సడలించే మందు ఇవ్వకుండా ఈసీటీ చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని తెలిశాకే ఆమె కుదుటపడింది. కరెంటు పెట్టేది కొన్ని సెకన్లే. దానివల్ల మెదడులో వచ్చే ఫిట్సే అసలు చికిత్స. మూడోసారి ఇచ్చిన రోజు సాయంత్రం వాడు "అక్కా, మంచినీళ్లు" అన్నాడు.

మొత్తం ఎనిమిది విడతలు ఇచ్చారు. అది ఏదో ఒక రసాయనాన్ని కొలిచి సరిదిద్దుతుందనుకోకండి. డోపమైన్, మెదడు చురుకును అదుపు చేసే గాబా వంటి ఎన్నో రసాయన వ్యవస్థలు ఒకేసారి కదులుతాయి. విడత విడతకూ ఫిట్స్ తెప్పించడం కష్టమవుతుంది, అంటే మెదడును అదుపు చేసే నిరోధక వ్యవస్థ బలపడుతోందని భావిస్తారు. జబ్బు మాత్రం పోదు. వాడు ఇప్పటికీ క్లోజపిన్ అనే మందు వేసుకుంటున్నాడు, అది తెల్ల రక్తకణాలను తగ్గించవచ్చు కాబట్టి వాటి పరీక్ష చేయిస్తూనే ఉన్నాం.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మతిమరుపు. ఈసీటీకి రెండు నెలల ముందు మా నాయనమ్మ పోయింది. కర్మకాండలన్నిటా పక్కనే నిలబడినవాడు, ఇంటికొచ్చాక "నాయనమ్మ ఏదక్కా?" అని అడిగాడు. మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది, ప్రతిసారీ కొత్తగా ఏడ్చాడు. కొత్త విషయాలు గుర్తుంచుకోవడం కొన్ని వారాల్లో కుదిరింది గానీ ఆ నెలలు మాత్రం తిరిగి రాలేదు. మీ ఇంట్లో ఎవరికైనా ఈసీటీ చెప్పి ఉంటే, కరెంటు తలకు ఒక పక్క పెడతారా, రెండు పక్కలా పెడతారా అని ముందే అడగండి. కుడి పక్కకే పెట్టే పద్ధతిలో జ్ఞాపకశక్తికి నష్టం తక్కువ.