ఫోటానిక్స్‌లో ల్యాబ్‌కూ పరిశ్రమకూ నడుమ పనిచేయాలంటే...

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. సిలికాన్ చిప్‌పై కాంతిని నడిపించే సిలికాన్ ఫోటానిక్స్‌లో ప్రాజెక్టు చేస్తున్నాను. పేపర్లు రాయడం కన్నా, విశ్వవిద్యాలయాలనూ కంపెనీలనూ కలిపి జాతీయ స్థాయిలో ఫోటానిక్స్ నెట్‌వర్కులు నడిపే సంస్థల్లో పనిచేయాలని ఉంది. అలాంటి ఉద్యోగాలు నిజంగా ఉంటాయా? దానికి ఎంబీఏ చేయాలా, పీహెచ్‌డీ చేయాలా?

జవాబు: ఉంటాయి. ఐరోపాలో ఫోటానిక్స్21 అనే వేదిక 2005 నుంచి పనిచేస్తోంది. పరిశోధన నిధులు ఏ దిశలో ఖర్చుపెట్టాలో పరిశ్రమ, ల్యాబ్‌లు కలిసి చెప్పడానికి ఏర్పడిందది. అమెరికాలో 2015లో ఎయిమ్ ఫోటానిక్స్ మొదలైంది. దానికి న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో వేఫర్లు (చిప్‌లు చెక్కే సిలికాన్ బిళ్లలు) తయారుచేసే సదుపాయం, రోచెస్టర్‌లో ప్యాకేజింగ్ (చిప్‌కు ఫైబర్లు, వైర్లు తగిలించి మాడ్యూల్‌గా చేయడం), పరీక్షల సదుపాయం ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ కేంద్రంగా ఫోటాన్‌డెల్టా ఉంది. 2022లో దానికి 110 కోట్ల యూరోల కార్యక్రమం ప్రకటించారు, అందులో 47 కోట్లు ఆ దేశపు జాతీయ వృద్ధి నిధి నుంచి వచ్చేవే. ఇలాంటి చోట్ల క్లస్టర్ మేనేజర్, టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసర్, రోడ్‌మ్యాప్ కోఆర్డినేటర్, ఫౌండ్రీ సర్వీస్ ఇంజినీర్ లాంటి పేర్లతో కొలువులుంటాయి.

ఎంబీఏనా, పీహెచ్‌డీనా అన్నదానికి నా సలహా: వెంటనే రెండూ వద్దు. ముందు రెండు మూడేళ్లు ప్యాకేజింగ్‌లోనో, టెస్టింగ్‌లోనో చేతులతో పనిచేయండి. ఎందుకో తెలియాలంటే ఈ నెట్‌వర్కులు దేని మీద నిలబడతాయో చూడాలి.

సమావేశాలు పెట్టి, విజిటింగ్ కార్డులు మార్చుకున్నంత మాత్రాన ఏ నెట్‌వర్కూ నిలబడదు. ఏ ఒక్కరూ సొంతంగా భరించలేని పనిని నలుగురూ పంచుకున్నప్పుడే అది నిలుస్తుంది. ఫోటానిక్స్‌లో ఇది కొత్త సంగతేమీ కాదు. జర్మనీలోని యేనాలో కార్ల్ జైస్ 1846లో సూక్ష్మదర్శినుల వర్క్‌షాపు పెట్టారు. అప్పట్లో కటకాలను చేసి చూసి, సరిపడకపోతే మళ్లీ చేసేవారు. లెక్క కట్టి చేయడం కోసం ఆయన 1866లో అక్కడి విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బేను కలుపుకున్నారు. అబ్బే లెక్కలు కుదిరాయి, కానీ ఆ లెక్కలకు తగ్గ గాజు దొరకలేదు. 1879లో ఒట్టో షాట్ అనే గాజు రసాయనవేత్త తాను చేసిన లిథియం గాజు గురించి అబ్బేకు ఉత్తరం రాశారు. ఆ నమూనా పనికి రాలేదు గానీ పరిచయం నిలిచింది. 1884లో యేనాలోనే గాజు ప్రయోగశాల వెలసింది, 1886లో రంగుల దోషాన్ని బాగా తగ్గించిన అపోక్రోమాట్ కటకాలు వచ్చాయి. తయారీదారు, సిద్ధాంతకర్త, పదార్థం చేసేవాడు ముగ్గురూ ఉన్నారు. ముగ్గురికీ ఒకే గాజు కావాలి. మీరు నడపబోయే ఏ నెట్‌వర్కులోనైనా మొదట వెతకాల్సింది అలాంటి ‘గాజు’నే.

నేటి సిలికాన్ ఫోటానిక్స్‌లో అది మల్టీ ప్రాజెక్ట్ వేఫర్ రన్. డిజైన్‌ను వేఫర్‌పై అచ్చువేసే మాస్క్‌ల పూర్తి సెట్టు, వేఫర్లు ఒక్క పరిశోధన బృందమో చిన్న కంపెనీయో కొనడం చాలా భారం. అందుకే పలువురి డిజైన్లు ఒకే మాస్క్‌పై పక్కపక్కన పెట్టి ఖర్చు పంచుకుంటారు. బెల్జియంలోని ఐమెక్, ఫ్రాన్స్‌లోని లెటి పరిశోధన సంస్థలు 2006లో మొదలుపెట్టిన ఈపిక్స్‌ఫ్యాబ్ ఈ దారి వేసింది. ఇండియం ఫాస్ఫైడ్ అనే మరో పదార్థంతో చేసే చిప్‌లకు ఐండ్‌హోవెన్‌లోని జెపిక్స్, సిలికాన్‌కు బ్రిటన్‌లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం నడిపే కార్నర్‌స్టోన్ కూడా ఇదే పద్ధతిలో సాగుతాయి. ఈ రన్‌లు ఏడాదికి కొన్నిసార్లే ఉంటాయి. డిజైన్ గడువు ఒక్కరోజు తప్పినా తర్వాతి రన్ వరకూ ఆగాలి, ఆ తర్వాత చిప్ చేతికి రావడానికి మరికొన్ని నెలలు. పీహెచ్‌డీ విద్యార్థికి అది ఇబ్బందే, పెట్టుబడి కరిగిపోతున్న స్టార్టప్‌కు ప్రాణసంకటం. గడువులు గుర్తుచేయడం, డిజైన్ రూల్ (తయారీకి పాటించాల్సిన కొలతల నియమాలు) తప్పులు ముందే పట్టుకోవడం, ఖాళీగా మిగిలిన మాస్క్ చోటుకు ఇంకొకరిని తేవడం ఈ కొలువులో రోజువారీ పని.

చిప్ వచ్చాకే అసలు చిక్కు మొదలవుతుంది. సాధారణ సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1550 నానోమీటర్ల దగ్గర కాంతి మచ్చ వ్యాసం సుమారు 10 మైక్రాన్లు. చిప్‌పై కాంతి నడిచే దారి అయిన సిలికాన్ వేవ్‌గైడ్ ఎత్తు సాధారణంగా 220 నానోమీటర్లు, వెడల్పు సుమారు అర మైక్రాన్. ఇంత తేడా ఉన్న రెండింటి మధ్య కాంతిని దాటించాలంటే చిప్ పైభాగాన సన్నని గీతలతో కాంతిని లోపలికి వంచే గ్రేటింగ్ కప్లరో, చిప్ అంచున సన్నబడే ఎడ్జ్ కప్లరో కావాలి. ప్యాకేజింగ్ వాళ్లను అడగకుండా గీసిన డిజైన్లలో పదేపదే కనిపించే తప్పులు రెండున్నాయి. ఒకటి, బజారులో దొరికే ఫైబర్ అరేలు (వరుసగా అమర్చిన ఫైబర్లు) 127 లేదా 250 మైక్రాన్ల ఎడంతో వస్తాయి. విద్యార్థి తన వీలుకొద్దీ కప్లర్లను 200 మైక్రాన్ల ఎడంలో పెడతాడు. చిప్ బాగానే పనిచేస్తుంది, దానికి తగిలించే ఫైబరే దొరకదు. రెండు, విద్యుత్ ప్యాడ్‌లనూ కప్లర్లనూ ఒకే అంచున పెడతారు. అప్పుడు వైర్ బాండ్‌లు (ప్యాడ్‌లకు అతికించే సన్నని తీగలు) ఫైబర్ దిమ్మెకు అడ్డం వస్తాయి. రెండూ సరిగ్గా ఉన్నా, అల్ట్రావయొలెట్ కాంతి కింద గట్టిపడేటప్పుడు ఫైబర్‌ను చిప్‌కు అంటించే జిగురు కాస్త కుంచించుకుపోతుంది. ఎడ్జ్ కప్లర్ దగ్గర ఒక మైక్రాన్ లోపు కదలిక చాలు, అప్పటిదాకా కుదిరిన అమరిక చెడిపోతుంది. పూర్తయిన మాడ్యూల్ ఖరీదులో చిప్ కన్నా ప్యాకేజింగ్, పరీక్షల వాటాయే ఎక్కువ కావడం తరచూ చూస్తాం. అందుకే ఎయిమ్ రోచెస్టర్‌లో విడిగా సదుపాయం పెట్టింది, ఐరోపాలో ఐర్లండ్‌లోని టిండల్ సంస్థ నాయకత్వంలో పిక్స్‌యాప్ అనే ప్యాకేజింగ్ పైలట్ లైను ఏర్పడింది.

ఇప్పుడు మీ చదువు సంగతి. ప్రాజెక్టులో సిమ్యులేషన్‌తో ఆగిపోకండి, కొలవండి. వేవ్‌గైడ్ నష్టాన్ని కొలిచే కట్‌బ్యాక్ పద్ధతితో మొదలుపెట్టండి. 1, 2, 4 సెంటీమీటర్ల పొడవున్న స్పైరళ్లు (చుట్టలుగా గీసిన వేవ్‌గైడ్‌లు) ఒకే రకం కప్లర్లతో ఉండాలి. ఒక్కోదాని మొత్తం నష్టాన్ని డెసిబెల్స్‌లో కొలిచి, పొడవుకు ఎదురుగా గ్రాఫు గీయండి. గీత వాలు సెంటీమీటరుకు నష్టం చెబుతుంది, సున్నా పొడవు దగ్గర గీత తాకే విలువ రెండు కప్లర్ల నష్టం. ఉదాహరణకు 10 డీబీఎం (1 మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్స్, అంటే డీబీల్లో చెప్పే శక్తి; ఇక్కడ 10 మిల్లీవాట్లు) కాంతి పంపారనుకోండి. కప్లరుకు 4 డీబీ చొప్పున 8, సెంటీమీటరుకు 2 డీబీ చొప్పున 2 సెంటీమీటర్లకు 4. బయటకు రావాల్సింది మైనస్ 2 డీబీఎం, అంటే సుమారు 0.63 మిల్లీవాట్లు. మీటరు మైనస్ 9 చూపిస్తే చిప్‌ను అనుమానించే ముందు మూడు చూడండి. గ్రేటింగ్ కప్లర్లు ఒక పోలరైజేషన్‌నే (కాంతి తరంగం ఊగే దిశ) బాగా తీసుకుంటాయి, పోలరైజేషన్ కంట్రోలర్ సరిచేశాక ఫైబర్‌ను కదిపితే రీడింగ్ పడిపోతుంది; సరిచేసిన వెంటనే ఫైబర్‌ను టేపుతో బల్లకు అంటించేయండి. తర్వాత, కనెక్టర్ మొనను మైక్రోస్కోపులో చూడండి. ఫైబర్ కోర్ 9 మైక్రాన్లే కాబట్టి చిన్న ధూళి కణమైనా దారి మూసేస్తుంది. మూడోది, 8 డిగ్రీల వాలుగా నునుపుచేసిన ఆకుపచ్చ ఏపీసీ కనెక్టర్‌ను వాలు లేని నీలం రంగు యూపీసీకి తగిలించారేమో చూడండి. నష్టం పెరగడమే కాదు, మొనలు దెబ్బతినొచ్చు కూడా. ఒక హెచ్చరిక: 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనబడదు. లేజర్ ఆపకుండా ఫైబర్ మొనలోకి ఎన్నడూ చూడకండి.

లేఅవుట్‌కు కేలేఅవుట్, పైథాన్‌లో పనిచేసే జీడీఎస్‌ఫ్యాక్టరీ, సిమ్యులేషన్‌కు మీప్ ఉచితంగానే దొరుకుతాయి. ఇవి నేర్చుకుంటే ఖరీదైన లైసెన్సుల కోసం ఎదురుచూడనక్కర్లేదు.

సాంకేతికం కాని సగం కూడా ఉంది. దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు, చివరకు అక్కడే బోర్లాపడతారు. కంపెనీ, ల్యాబ్ కలిసి పనిచేసే ఒప్పందంలో ఎవరు ఏ మేధోహక్కులతో లోపలికి వచ్చారో మొదటి రోజే జాబితా రాయాలి. అది లేకపోతే, పాత డిజైనును ఎవరు కొత్తదిగా చెప్పుకున్నా తేల్చడం కష్టం. పేపరు ప్రచురించే ముందు భాగస్వామికి ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలో రాసుకోవాలి, విద్యార్థి థీసిస్ గడువు అందులో ఇరుక్కోకుండా చూడాలి. పోటీదారులు ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ధరలు, ఎవరికి ఎంత అమ్మారన్న మాటలు రాకూడదు, పోటీ చట్టాలు ఒప్పుకోవు. కొన్ని లేజర్లు, పరారుణ డిటెక్టర్లు సైనిక అవసరాలకూ పనికొచ్చేవి కాబట్టి ఎగుమతి నియంత్రణ కిందికి వస్తాయి. ఇలాంటి ఎగుమతులపై దేశాల మధ్య కుదిరిన వాసెనార్ ఒప్పందపు జాబితాలో ఆరో విభాగం సెన్సర్లు, లేజర్లదే. విదేశీ భాగస్వామికి నమూనా పంపే ముందు ఇది చూసుకోవాలి.

జాతీయ నెట్‌వర్కు చేతికి మొదట ఇవ్వాల్సిన పని దేశంలో ఏ పరికరం ఎక్కడుందో పట్టిక కట్టడం. ఈ పట్టికలు సాధారణంగా ప్రొఫెసర్ల పరిశోధనాంశాలతో నిండిపోయి, కంపెనీలకు కొరగాకుండా పోతాయి. కంపెనీకి కావాల్సింది వేరు: ఏ తరంగదైర్ఘ్యం వరకు కొలవగలరు, ఎంత పెద్ద వేఫర్ పడుతుంది, పరికరం నడిపే మనిషి ఉన్నారా, చివరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడు, బయటివాళ్లు వాడుకోవచ్చా, ఎన్ని వారాలు ఆగాలి. పరికరం ఉండి నడిపేవాళ్లు లేకపోతే ఆ గడిలో ‘లేదు’ అనే రాయండి. ఆరు నెలలకోసారి ఫోన్ చేసి సరిచూడకపోతే పట్టిక పాతబడిపోతుంది.

దీన్ని మీరు చిన్న ఎత్తున ఇప్పుడే చేసి చూడొచ్చు. ఎస్‌పీఐఈ, ఆప్టికా, ఐఈఈఈ ఫోటానిక్స్ సొసైటీ అనే అంతర్జాతీయ వృత్తి సంఘాలకు విద్యార్థి శాఖలుంటాయి. మీ విశ్వవిద్యాలయంలో ఒకటుంటే చేరండి, లేకపోతే నలుగురితో కలిసి మొదలుపెట్టండి. మే 16న, అంటే 1960లో థియొడోర్ మైమన్ తొలి లేజర్‌ను పనిచేయించిన రోజున, అంతర్జాతీయ కాంతి దినోత్సవం జరుపుతారు. ఆ రోజు ఉపన్యాసం పెట్టకండి. ఇద్దరు ముగ్గురు కంపెనీ ఇంజినీర్లను పిలిచి, వాళ్ల చేతిలో పరిష్కారం కాని ఒక్కో కొలత సమస్య చెప్పమనండి. ఆ సమస్యకు ఏ ల్యాబ్‌లో ఏ పరికరం పనికొస్తుందో వెతికి వారంలో జవాబివ్వండి. జవాబు ‘మా దగ్గర లేదు’ అయినా సరే, వారంలోనే చెప్పండి.

పీహెచ్‌డీ తర్వాత చేయొచ్చు. దేశస్థాయి రోడ్‌మ్యాపు రాసే బృందాలకు, పెద్ద ల్యాబ్‌లతో సాంకేతిక వాదనలు నడిపే స్థానాలకు అది పనికొస్తుంది. ఎంబీఏ కన్నా, సంస్థలో చేరాక మేధోహక్కులు, ప్రాజెక్టు నిధుల నిర్వహణపై చేసే చిన్న కోర్సులే ఈ పనికి ఎక్కువ అక్కరకొస్తాయని నా అభిప్రాయం. ప్యాకేజింగ్ సదుపాయంలో చేసిన ప్రవేశస్థాయి ఉద్యోగాన్ని తక్కువగా చూడకండి: అక్కడికి అన్ని కంపెనీల చిప్‌లూ, అన్ని ల్యాబ్‌ల తప్పులూ వస్తాయి, ఎవరికి ఏది అవసరమో అక్కడున్నవారికే ముందుగా తెలుస్తుంది.

దరఖాస్తులో మార్కుల జాబితాతో పాటు రెండు పేజీలు జతచేయండి. ఒక పేజీలో మీ కట్‌బ్యాక్ గ్రాఫు, అందులో వచ్చిన దోషం, దాన్ని ఎలా పట్టుకున్నారో రాయండి. రెండో పేజీలో మీ చుట్టుపక్కల ల్యాబ్‌ల పరికరాల పట్టిక పెట్టండి, ఒక్కో గడిని ఏ తేదీన సరిచూశారో కూడా రాయండి.