అంకెల్లో సరే, అక్షరాల్లో ఎలా?

ప్రశ్న: మా అబ్బాయి అయిదో తరగతి చదువుతున్నాడు. ఎక్కాలు తడుముకోకుండా చెబుతాడు, కూడికలూ తీసివేతలూ బాగానే చేస్తాడు. కానీ ‘మూడు వేల అయిదు’ను అంకెల్లో రాయమంటే 30005 అని రాస్తాడు. 4,07,060ని అక్షరాల్లో రాయమంటే ‘నాలుగు లక్షల ఏడు వందల అరవై’ అంటాడు. ఒకట్లు, పదులు, వందలు అని రోజూ వల్లె వేయిస్తున్నా అదే తప్పు మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?
— ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీ అబ్బాయిది అజాగ్రత్త కాదు. వాడు విన్నది విన్నట్టుగానే రాస్తున్నాడు: మూడు వేలు అన్నప్పుడు 3000 రాశాడు, అయిదు అన్నప్పుడు దాని పక్కన 5 పెట్టాడు. మాటల్లో సంఖ్యను చెప్పేటప్పుడు సున్నను మనం ఎక్కడా పలకం. అంకెల్లో రాసేటప్పుడు మాత్రం అది తన చోట ఉండి తీరాలి. వాడి రెండు తప్పులకూ మూలం ఇదే. మొదటి దాంట్లో అక్కర్లేని సున్న మిగిలిపోయింది, రెండో దాంట్లో ఉన్న సున్న కనిపించకుండా పోయింది.

వల్లె వేయించడం వల్ల ఇది పోదు. ఒకట్లు, పదులు, వందలు అనే పాఠం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, సంఖ్యను చదవడమూ రాయడమూ ఎడమ నుంచి కుడికి సాగుతాయి. ఆ పాఠం కామాలు పెట్టుకోవడానికి పనికి వస్తుంది, అంతవరకే. కుడి నుంచి మూడంకెల తరువాత ఒక కామా, ఆపైన రెండేసి అంకెలకు ఒక్కొక్కటి పెట్టించండి. అప్పుడు సంఖ్య గదులుగా విడిపోతుంది: కోట్ల గది, లక్షల గది, వేల గది, ఒక్క అంకె మాత్రమే పట్టే వందల గది, చివర మిగిలిన రెండంకెలు. ఒకటి నుంచి తొంభై తొమ్మిది వరకు చదవగలిగిన పిల్లవాడు ఆపైన కొత్తగా నేర్చుకోవలసిన పేర్లు వంద, వెయ్యి, లక్ష, కోటి అనే నాలుగే. గదిలో ఉన్న రెండంకెల సంఖ్యను చదివి, పక్కన ఆ గది పేరు చెప్పడమే పని.

ఇక్కడ పట్టుబట్టవలసిన నియమం ఒకటుంది. అన్నిటికంటే ఎడమ గది తప్ప మిగిలిన లక్షల గదిలోనూ వేల గదిలోనూ తప్పకుండా రెండంకెలు ఉండాలి. ఏడు వేలయితే 07, వేలే లేకపోతే 00. మీ అబ్బాయి 4,07,060లో వేల గదిని గదిగా చూడలేదు కాబట్టే ఏడు వేలు ఏడు వందలైపోయాయి. రాసేటప్పుడు ముందుగా ఖాళీ గదులు గీసి, మీరు పలికిన పేర్లను బట్టి వాటిని నింపమనండి. పలకని గది కనిపించగానే అందులో సున్నలు వాడే పెడతాడు.

3000 పక్కన 5 పెట్టే అలవాటుకు అట్టముక్కలు బాగా పనిచేస్తాయి. పాత కాపీ పుస్తకాల అట్టను కత్తిరించి 3000 అని నాలుగంకెల పొడవున ఒకటి, 400 అని మూడంకెల పొడవున ఒకటి, 60 అని ఒకటి, 5 అని ఒకటి చేయండి. కుడి అంచులు కలిసేలా 3000 మీద 5ను పెడితే 3005 కనబడుతుంది. పై ముక్కను ఎత్తితే కింద 3000 అలాగే ఉంటుంది. అయిదు వచ్చి కూర్చున్నది సున్న పక్కన కాదని, చివరి సున్న ఉన్న చోటేనని పిల్లవాడికి కంటితో తెలుస్తుంది. దీన్ని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఇంత తేలిగ్గా ఎక్కదు.

అక్షరాల్లో రాసేటప్పుడు వచ్చే తప్పులు వేరు, ఇవి భాషకు సంబంధించినవి. వెనుక ఇంకేమీ లేనప్పుడు ‘రెండు వేలు’, ఏదైనా వస్తే ‘రెండు వేల అయిదు’. వందలు, లక్షలు, కోట్లు కూడా అలాగే వందల, లక్షల, కోట్ల అవుతాయి. వంద మీద ఒక్కటి చేరినా ‘నూట’ అనాలి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలు ‘ఒక వంద పదహారు’ అని రాస్తుంటారు. పెళ్లిలో చదివింపుల దగ్గర ‘వెయ్యి నూట పదహార్లు’ అని వినబడ్డ మాటను గుర్తు చేస్తే 1,116 చక్కగా వచ్చేస్తుంది. ఒక లక్ష, ఒక కోటి మీద ఏదైనా చేరితే ‘లక్షా పది వేలు’, ‘కోటీ ఏడు వేల మూడు’ అని దీర్ఘం వస్తుంది. ఈ రెండోదాన్ని అంకెల్లో రాయించి చూడండి, 1,00,07,003 సరిగ్గా రాసిన పిల్లవాడికి ఇక గదుల సంగతి చెప్పనక్కర్లేదు.

అభ్యాసానికి ఊరికే కల్పించిన సంఖ్యల కంటే ఊరి సంఖ్యలు మేలు. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు జిల్లా జనాభా 29,63,557, ప్రకాశం జిల్లాది 33,97,448. ఇరవై తొమ్మిది లక్షల అరవై మూడు వేల అయిదు వందల యాభై ఏడు అని మొదటిదాన్ని రాయించి, రెండోదాన్ని వాడికే వదిలేయండి. ఈ రెండింటిలోనూ సున్న లేదు కనుక ఇవి మొదటి మెట్టుకు మాత్రమే. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3 బయలుదేరిందని పిల్లలకు తెలుసు; చంద్రుడి సగటు దూరం 3,84,400 కిలోమీటర్లు. వ్యవసాయం ఉన్న ఇంట్లో ధాన్యం లెక్క వేయించవచ్చు. నెల్లూరు పుట్టి 850 కిలోలు కనుక ముప్పై ఏడు పుట్లు 31,450 కిలోలవుతాయి. దీన్ని ‘ముప్పై ఒక్క వేల నాలుగు వందల యాభై’ అని కొందరు, ‘ముప్పై ఒక వెయ్యి నాలుగు వందల యాభై’ అని కొందరు రాస్తారు. రెండూ వాడుకలో ఉన్నవే కాబట్టి, ఏది రాసినా తప్పు పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ప్రశ్న: ఇంట్లో లక్షలు, కోట్లు అంటాం. బడిలో మా పాపకు మిలియన్లు, బిలియన్లు కూడా చెబుతున్నారు. రెండూ కలిసి అయోమయంగా ఉంది. ఏది ముందు నేర్పాలి?
— ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: లక్షలే ముందు. అవి స్థిరపడే వరకు రెండో పద్ధతి జోలికి పోకండి. అంకెలు రెండు పద్ధతుల్లోనూ ఒకటే, కామాల చోట్లు మారతాయి. మన 29,63,557ని అక్కడ 2,963,557 అని మూడేసి అంకెలకు విడదీసి, రెండు మిలియన్ల తొమ్మిది వందల అరవై మూడు వేల అయిదు వందల యాభై ఏడుగా చదువుతారు. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. 2022 నవంబరు 15న ప్రపంచ జనాభా ఎనిమిది బిలియన్లకు చేరిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. అది మన లెక్కలో ఎనిమిది వందల కోట్లు.

మన జిల్లాల పిల్లలకు బిలియన్ అంతకుముందే పరిచయం, పేరే వేరు. వార్తల్లో వినబడే ఒక టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. సోమశిల జలాశయం పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు కనుక అది ఏడు వేల ఎనిమిది వందల కోట్ల ఘనపుటడుగులు. కోట్ల గదికి రెండంకెల హద్దు లేదనీ, కోటి దాటాక వందలూ వేలూ మళ్లీ మొదలవుతాయనీ చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఎదురెదురు పుటల్లో తెలుగూ ఇంగ్లీషూ ఉండడం వల్ల మరో చిక్కు వస్తుంది. తెలుగులో ‘రెండు వందలు’ అని బహువచనం కావాలి. ఆ అలవాటుతో పిల్లలు ‘టూ హండ్రెడ్స్’, ‘టూ థౌజండ్స్’ అని రాస్తారు. ఇంగ్లీషులో ముందు సంఖ్య ఉన్నప్పుడు అక్కడ ‘ఎస్’ రాదు. ‘ఫోర్’లో ఉన్న ‘యు’ అక్షరం ‘ఫార్టీ’లో లేదన్నది కూడా చూసుకోండి.

ప్రశ్న: ఫోనులోనే డబ్బు పంపుకునే ఈ రోజుల్లో అక్షరాల్లో రాయడం ఇంకా ఎందుకు?
— ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: చెక్కులు, ప్రాంసరీ నోట్లు ఇంకా పోలేదు. అంకెల్లో ఒక సున్న చేర్చడం సులువు, అక్షరాల్లో ‘ఆరు వేలు’ను ‘అరవై వేలు’ చేయడం అంత సులువు కాదు. అందుకే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్న మొత్తమే చెల్లుతుంది. ఆచరణలో మాత్రం తేడా ఉన్న చెక్కును బ్యాంకులు సాధారణంగా తిప్పి పంపేస్తాయి. అక్షరాల్లో మొత్తం రాశాక ‘మాత్రమే’ అని చేర్చి, మిగిలిన ఖాళీలో గీత గీయడం మరచిపోకండి.