పాత ఇంటికి కొత్త డెక్: అమ్మలుకి మామయ్య ఉత్తరం

చి.ల.సౌ. అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మీ డెక్ (వంటింటి బయటి చెక్క అరుగు) ఫొటోలు నిన్న రాత్రి అత్తయ్యా నేనూ టీవీ మీద పెద్దవి చేసి చూశాం. దీపావళికి మీ ఇంటికి వచ్చినప్పుడు చీకట్లో నేను గమనించలేదు కానీ, మూడో ఫొటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. వంటింటి స్లైడింగ్ డోర్ కింద, డెక్‌ని ఇంటి గోడకి పట్టి ఉంచే అడ్డ పలక ఉంది చూడు, దాన్ని లెడ్జర్ బోర్డు అంటారు. దాని మీద వరసగా తుప్పు చారలు కారి ఉన్నాయి. ఒక్క బోల్టు కూడా కనిపించలేదు, అన్నీ మేకులే. పైన నీళ్ళు లోపలికి పోకుండా ఉండాల్సిన రేకు, ఫ్లాషింగ్ అంటారు, అది కూడా లేదు.

కాంట్రాక్టర్ రెండు లెక్కలు ఇచ్చాడన్నావు. పాత ఫ్రేమ్, అంటే కింది చట్రం, అలాగే ఉంచి పైన చెక్కపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసిన కాంపోజిట్ పలకలూ రెయిలింగూ మారిస్తే 13,500 డాలర్లు. మొత్తం పీకి కొత్తగా కడితే 27,000. మీ దగ్గర ఉన్నది 25,000 కాబట్టి మొదటిదానికి మొగ్గుతున్నామని రాశావు. వద్దమ్మా. ఆ పని నేను చేసి దెబ్బతిన్నాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

2011లో మా డెక్ పలకలు చీలిపోతే, ఫ్రేమ్ బాగానే ఉందని ఒక కాంట్రాక్టర్ చెప్పిన మాట నమ్మి, పాతదాని మీదే కొత్త పలకలు వేయించాను. చూడముచ్చటగా ఉండేది. ఆరేళ్ళు తిరిగేసరికి వంటింట్లో తలుపు దగ్గర నేల మెత్తబడింది. బయట గోడకి కప్పిన పలకలు, సైడింగ్ అంటారు, విప్పించి చూస్తే లెడ్జర్ వెనక ఇంటి దూలం, రిమ్ జాయిస్ట్ అంటారు, తడిసిన అటుకుల్లా చేతికొచ్చింది. పిడికిలితో తీసి బకెట్లో వేశాను. ఇరవై ఏళ్ళుగా ప్రతి వానకీ కొంచెం కొంచెం నీళ్ళు లోపలికి దిగాయన్న మాట. పైన పటారం లోన లొటారం అంటే అదే. కొత్త పలకలు పీకేశాం, డెక్ కూల్చాం, ఇంటి గోడ బాగు చేయించాం. ఒకే డెక్‌కి రెండుసార్లు డబ్బు కట్టాను.

డబ్బుతో పోయింది కాబట్టి నేను అదృష్టవంతుణ్ణి. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంట్ బాల్కనీ కూలి ఆరుగురు కాలేజీ పిల్లలు చనిపోయారు. లోపల చెక్క నాని కుళ్ళిపోయింది, పైనుంచి చూసేవాళ్ళకి తెలియలేదు. మీ డెక్ నేలకి ఐదడుగుల ఎత్తులో ఉంది. పాప పుట్టినరోజుకి యాభై మందిని పిలుస్తారు. మామూలుగా డెక్‌ని చదరపు అడుగుకి 40 పౌండ్ల బరువు మోసేట్టు లెక్కగడతారు. మీ 12 బై 20 డెక్‌కి 9,600 పౌండ్లు. చాలా ఎక్కువలా కనిపిస్తుంది కానీ, కేక్ కోసేటప్పుడు జనం సమానంగా సర్దుకుని నిలబడరు కదా, అందరూ ఒక మూలకే చేరతారు. ఆ బరువు మోసేది కింద ఉన్న ఫ్రేమూ, గోడకి పట్టిన బోల్టులూ. పలకల రంగు కాదు.

అందుకని నీ 25,000లోనే మొత్తం కొత్తగా ఎలా కట్టొచ్చో చూద్దాం.

ముందు 4,000 తీసి పక్కన పెట్టు. అది లేదనుకో. మీది 1986 ఇల్లు, సైడింగ్ విప్పాక ఏం బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ఏమీ బయటపడకపోతే ఆ డబ్బు మీదే. ఇక మిగిలిన 21,000లోకి 27,000 లెక్కని కుదించాలి. కుదించేటప్పుడు కింద నుంచి తగ్గించకు, పైనుంచి తగ్గించు. పునాది గుంతలు, కాంక్రీటు, పోస్టులు (స్తంభాలు), పలకల కింద వరసగా పరిచే దూలాలు, అవే జాయిస్టులు, బోల్టులు, ఫ్లాషింగ్, ఇవి ఒక్క డాలర్ కూడా తగ్గకూడదు. కాంపోజిట్ బదులు ఇప్పటికి కుళ్ళకుండా మందు పట్టించిన ట్రీటెడ్ చెక్క పలకలే వేయించు. కాకపోతే జాయిస్టుల మధ్య దూరం 16 అంగుళాలు మించకుండా కట్టమను. అప్పుడు ఏడెనిమిదేళ్ళకి చేతిలో డబ్బు ఆడినప్పుడు, అదే ఫ్రేమ్ మీద కాంపోజిట్ మార్చుకోవచ్చు. ఆ దూరం ఎక్కువైతే కాంపోజిట్ పలక కాలి కింద కుంగుతుంది.

అందరూ పలకల ధర గురించే కొట్టుకుంటారు, రెయిలింగ్ దగ్గర బోల్తా పడతారు. రెయిలింగ్‌కి అడుగుల లెక్కన ధర. మీ డెక్‌కి మూడు పక్కలా కలిపి 44 అడుగులు, మెట్ల దారికి 4 తీసేస్తే 40. ఐదడుగుల ఎత్తుకి ఎనిమిది మెట్లు పడతాయి, మెట్లకి రెండు పక్కలా ఇంకో 15. మొత్తం 55 అడుగులు. నాకు నల్ల అల్యూమినియం రెయిలింగ్ బిగింపుతో సహా అడుగుకి వంద డాలర్లు పడింది. అంటే మీకు ఒక్క రెయిలింగే 5,500. చెక్క రెయిలింగ్ పెట్టిస్తే అందులో మంచి భాగం మిగులుతుంది. ఎత్తు 36 అంగుళాలకి తగ్గకూడదు, కమ్మీల మధ్య 4 అంగుళాల బంతి దూరకూడదు. చంటిపిల్ల ఉన్న ఇల్లు, ఈ రెండూ టేపు పెట్టి నువ్వే కొలుచుకో.

అల్లుడు డెక్‌ని ఇంకో రెండడుగులు పెంచుదాం అంటున్నాడట. నా మాటగా చెప్పు, 12 బై 20 చక్కటి కొలత. పలకలు 20 అడుగుల పొడవులో దొరుకుతాయి, అతుకు లేకుండా సరిపోతుంది. 22 చేస్తే ప్రతి వరసలో అతుకు, ప్రతి వరసలో వేస్టు. పైగా పెంచితే టౌన్‌షిప్‌లో స్థలం హద్దుల లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. లైట్లు, బెంచీలు తర్వాత చూసుకోవచ్చు. లైట్ల వైరుకి ఒక గొట్టం మాత్రం ఇప్పుడే వేయించండి, చాలు.

ముగ్గురు కాంట్రాక్టర్లని కోట్ అడుగు, ముగ్గురికీ ఒకే కాగితం ఇవ్వు. లేకపోతే ఒకడు ఒకటీ, ఇంకొకడు ఇంకొకటీ లెక్కేసి, ఎవడు చవకో తెలియకుండా పోతుంది. ఆ కాగితంలో ఇవి రాయి: లెడ్జర్‌కి అర అంగుళం బోల్టులు గానీ అందుకోసమే చేసిన స్ట్రక్చరల్ స్క్రూలు గానీ వాడాలి, మేకులు వద్దు. లెడ్జర్ మీద జెడ్ ఆకారంలో వంచిన ఫ్లాషింగ్ సైడింగ్ వెనక్కి పోవాలి. అది ఉత్త అల్యూమినియం కాకూడదు, ఇప్పటి ట్రీటెడ్ చెక్కలో రాగి ఉంటుంది, దాన్ని తినేస్తుంది. స్క్రూలూ, జాయిస్టుల్ని పట్టి ఉంచే హ్యాంగర్లూ హాట్ డిప్ గాల్వనైజ్డ్ (జింకు పూత పట్టించినవి) లేదా స్టెయిన్‌లెస్. పోస్టులు మట్టిలో పాతకుండా కాంక్రీటు మీద ఇనప బేస్‌లో నిలబెట్టాలి. గుంతలు మన న్యూజెర్సీ వైపు 3 అడుగులు, నేల గడ్డకట్టే లోతు దాటి దిగాలి. పాత చెక్క తీసుకెళ్ళే డంప్‌స్టర్ ఖర్చు కోట్‌లోనే ఉండాలి.

పాత చెక్క అంటే గుర్తొచ్చింది. 2003 దాకా ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ చెక్కలో ఎక్కువ భాగం ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించిందే. మీ డెక్ 90ల నాటిదన్నావు కాబట్టి అదే అనుకో. ఫైర్‌పిట్‌లో కాల్చొద్దు. వాటితో గోంగూర మడి కట్టుకుంటానని అత్తయ్యతో అన్నావట, వద్దే వద్దు తల్లీ. మడికి కొత్త దేవదారు పలకలు నేను తెచ్చిపెడతాను.

కాంట్రాక్టర్ సంగతి. మన న్యూజెర్సీలో ఇంటి పనులు చేసేవాళ్ళు రాష్ట్రం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక కాంట్రాక్టు ఉండాలి, దాని కాపీ నీ చేతికొచ్చాక మూడు పనిదినాల్లోపు నువ్వు రద్దు చేసుకోవచ్చు. ఇన్సూరెన్స్ కాగితం అతని చేతి నుంచి కాకుండా నేరుగా ఏజెంట్ దగ్గర నుంచి తెప్పించుకో. "పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి, చవకవుతుంది" అన్నాడంటే అతన్ని అక్కడితో వదిలెయ్. పర్మిట్ లేకపోతే రేపు ఇల్లు అమ్మేటప్పుడు ఆ లెక్క మీ మెడకి చుట్టుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, పర్మిట్ ఉంటే ఇన్‌స్పెక్టర్ వచ్చి కాంక్రీటు పొయ్యకముందు గుంతలు చూస్తాడు, పలకలు కప్పకముందు ఫ్రేమ్ చూస్తాడు. మన డబ్బులు కూడా ఆ ప్రకారమే నడవాలి. సంతకానికి పది శాతం, గుంతలు పాసయ్యాక కొంత, ఫ్రేమ్ పాసయ్యాక కొంత, చివరి ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా కనీసం పదిహేను శాతం నీ దగ్గరే. మధ్యలో "అదనపు పని" అంటే ధర కాగితం మీద రాసి, నువ్వు సంతకం పెట్టాకే. సైడింగ్ విప్పిన రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండు, లోపల ఏముందో నీ కళ్ళతో చూసి ఫొటో తీసుకో.

గుంతలు తవ్వడానికి మూడు పనిదినాల ముందు 811కి ఫోన్ వెళ్ళాలి, గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టిపోతారు. మీ స్ప్రింక్లర్ గొట్టాలు వాళ్ళు గుర్తు పెట్టరు, అవి నువ్వే చూపించాలి.

ఇది నవంబరు. చలికాలంలో కోట్లు, పర్మిట్ అయిపోతే ఏప్రిల్‌లో పని మొదలుపెట్టొచ్చు. అందరూ నిద్రలేచే మే నెల దాకా ఆగితే కాంట్రాక్టర్లు దొరకరు. ఈ ఐదు నెలల్లో మీ దగ్గర ఇంకొంచెం డబ్బు కూడుతుంది కూడా. కాంట్రాక్టర్ చూపించే వాయిదాల అప్పు మాత్రం తీసుకోకండి, తక్కువపడితే నన్నడుగు.

ఆదివారం పదింటికి నేను వస్తాను. ఒక స్క్రూడ్రైవరూ టార్చిలైటూ చాలు. లెడ్జర్‌నీ పోస్టుల అడుగునీ గుచ్చి చూద్దాం. పావు అంగుళం కన్నా లోపలికి సులువుగా దిగితే అక్కడ చెక్క పోయినట్టే. ఈలోపు ఎవరూ దాని మీద అడుగు పెట్టకండి, మంచు పడినా ఊడ్వడానికి వెళ్ళొద్దు. తులసి కుండీ నేనొచ్చి కిందికి దించుతాను. పాప తలుపు తెరవకుండా స్లైడింగ్ డోర్ గాడిలో ఈ రాత్రే ఒక కర్ర అడ్డం పెట్టు.

మీ మామయ్య